చేవెళ్ళ మర్రిచెట్ల రహదారి

చేవెళ్ళ మర్రిచెట్ల రహదారి తెలంగాణ రాష్ట్రములో హైదరాబాదు నుండి పడమర దిశగా మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా మన్నెగూడ వరకు సాగే రహదారి. ఇది హైదరాబాదు - బీజాపూరు రహదారిలో ఒక భాగము. ప్రస్తుతము జాతీయ రహదారి 163లో చేరి ఉన్నది. పోలీసు అకాడమీ కూడలి (జనవ్యవహారములో అప్పా జంక్షన్) నుండి మన్నెగూడ వరకు దీని పొడవు సుమారు 46 కిలోమీటర్లు. దారికి ఇరువైపులా ఉన్న వందలాది పాత మర్రిచెట్లు ఈ రహదారి ప్రత్యేకత. సెలవు దినాలలో నగరము నుండి మోటారుసైకిళ్ళపై విహారానికి వెళ్ళేవారు ఎక్కువగా ఎంచుకునే మార్గాలలో ఇది ఒకటి. రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే ప్రతిపాదన వలన ఈ చెట్ల భవితవ్యము, ప్రయాణికుల భద్రత అనే రెండు విషయాలు కొన్నేళ్ళపాటు చర్చలో ఉన్నవి.

ఉనికి, మార్గము

హైదరాబాదు నగరములోని మెహదీపట్నం, లంగర్ హౌజ్ ప్రాంతాల మీదుగా వచ్చే దారి పోలీసు అకాడమీ కూడలి వద్ద బాహ్య వలయ రహదారిని (ఔటర్ రింగు రోడ్డు) దాటుతుంది. 158 కిలోమీటర్ల పొడవు గల ఈ వలయ రహదారి ప్రధాన మార్గముపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. దాని పక్కనున్న సర్వీసు రోడ్డుపై మాత్రమే అవి ప్రయాణించవచ్చును. కూడలి దాటిన తరువాత అజీజ్‌నగర్, మొయినాబాద్, కనకమామిడి, ముడిమ్యాల, చేవెళ్ళ మీదుగా దారి మన్నెగూడ చేరుతుంది. మన్నెగూడ వద్ద దారి రెండుగా చీలుతుంది. కుడివైపు దారి వికారాబాదుకు, నేరుగా వెళ్ళే దారి పరిగి, కొడంగల్ మీదుగా కర్ణాటక సరిహద్దుకు పోవును.

మొయినాబాద్ మరియు చేవెళ్ళ రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రాలు. ఈ రెండు పట్టణాలు 2025లో పురపాలక సంఘాలుగా మారినవి. మన్నెగూడ 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలో ఉన్నది.

ఈ దారి దక్కను పీఠభూమిపై సాగుతుంది. హైదరాబాదు వైపు గ్రానైటు గుండ్లు, ఎర్ర చెలక నేలలు కనిపించును. పడమరకు పోయిన కొద్దీ పూర్వకాలపు లావా ప్రవాహాల వలన ఏర్పడిన నల్లరాయి, దాని నుండి పుట్టిన రేగడి నేలలు మొదలవుతవి. ఒకే ఉదయము ప్రయాణములో ఈ మార్పును కళ్ళతో చూడగలగటము భూగోళశాస్త్రము చదివే విద్యార్థులకు ఉపయోగకరము.

చరిత్ర

గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి, బీజాపూరు ఆదిల్‌షాహీల రాజ్యానికి మధ్య రాకపోకలు ఈ దిశలోనే సాగేవి. ఔరంగజేబు 1686లో బీజాపూరును, 1687లో గోల్కొండను జయించిన తరువాత రెండు రాజ్యాలు మొఘలు సామ్రాజ్యములో కలిసినవి. బీజాపూరు పేరు 2014లో అధికారికముగా విజయపురగా మారినది. అయినను తెలంగాణలో ఈ దారిని నేటికీ బీజాపూరు రోడ్డు అనే పిలుస్తారు.

దారి పక్కనున్న మర్రిచెట్లను నిజాం పాలనా కాలములో బాటసారుల నీడ కొరకు నాటించినట్లు చెబుతారు. కాలినడకన, ఎడ్లబండ్లపై ప్రయాణాలు సాగిన రోజులలో నాలుగైదు మైళ్ళకు ఒకచోట విశ్రమించటానికి నీడ తప్పనిసరి. అప్పటి బండ్ల బాట వెడల్పుకు తగినట్లుగా నాటిన చెట్లు కావటము చేత, బాట తారురోడ్డుగా మారి వెడల్పు అయిన తరువాత కొన్ని చోట్ల మానులు రోడ్డు అంచునే మిగిలినవి. నేటి సమస్యకు మూలము ఇక్కడ ఉన్నది.

ఆధునిక రాజకీయ చరిత్రలో కూడా ఈ ప్రాంతానికి స్థానము కలదు. రంగారెడ్డి జిల్లాకు ఎవరి పేరు పెట్టబడినదో ఆ కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాద్ మండలములోని పెద్దమంగళారములో జన్మించాడు. ఈ జిల్లా 1978 ఆగస్టు 15న ఏర్పడినది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను చేవెళ్ళ నుండే ప్రారంభించి శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురము వరకు నడిచాడు.

మర్రిచెట్లు

మర్రి భారతదేశపు జాతీయ వృక్షము. దీని కొమ్మల నుండి దిగే ఊడలు నేలను తాకి వేళ్ళూని, క్రమముగా మానులవలె బలపడి కొమ్మలను మోస్తవి. అందువలన మధ్య మాను పుచ్చినను చెట్టు బ్రతకగలదు. అనంతపురం ప్రాంతములోని (ప్రస్తుతము శ్రీ సత్యసాయి జిల్లా) తిమ్మమ్మ మర్రిమాను, మహబూబ్‌నగర్ వద్ద గల పిల్లలమర్రి ఇటువంటి విస్తరణకు ప్రసిద్ధ ఉదాహరణలు. అయితే అవి ఒక్కొక్కటి ఎకరాల మేర పాకిన ఏక వృక్షాలు. చేవెళ్ళ దారిలోని చెట్ల గొప్పదనము పరిమాణములో గాక వరుసలో ఉన్నది. దారిపైకి దిగే ఊడలను వాహనాలకు అడ్డు రాకుండా నరుకుతూ వచ్చినందున ఇక్కడి చెట్లు పక్కలకు పాకక, పైకి పెరిగి రెండు వైపుల కొమ్మలు కలిసి పందిరి వేసినట్లు కనిపించును.

పోలీసు అకాడమీ కూడలి, మన్నెగూడల మధ్య సుమారు 900 మర్రిచెట్లు ఉన్నట్లు లెక్కించారు. మర్రిపండ్లు పక్షులకు, గబ్బిలాలకు, ఉడుతలకు ఆహారము. మర్రి పూలు పండు లోపలే దాగి ఉంటవి. వాటి పరాగసంపర్కము ఒక చిన్న కందిరీగ జాతి ద్వారా మాత్రమే జరుగును. చెట్టుకు, కీటకానికి ఒకటి లేనిదే మరొకటి లేదు. వేసవిలో ఈ చెట్ల క్రింద కూరగాయలు, పూలు, పండ్లు అమ్ముకునే రైతులు, టీ కొట్లవారు నీడ పొందుతారు.

మోటారుసైకిలు విహారము

భారతదేశములో దూరప్రయాణాలకు మోటారుసైకిలు వాడుక రెండవ ప్రపంచ యుద్ధము తరువాత పెరిగినది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్ బండ్లను తయారు చేయసాగినది. 1960ల తొలినాళ్ళలో మైసూరులో జావా బండ్ల తయారీ మొదలైనది. 1985లో హీరో హోండా సి.డి. 100 రావటముతో తక్కువ ఇంధనముతో ఎక్కువ దూరము పోయే బండి సామాన్య ఉద్యోగికి కూడా అందినది. హైదరాబాదు పడమటి భాగములో సాఫ్ట్‌వేర్ సంస్థలు విస్తరించిన తరువాత, శని ఆదివారాలలో తెల్లవారుజామున బయలుదేరి చేవెళ్ళ వైపు వచ్చి, ఎండ ముదరక ముందే తిరిగి వెళ్ళటము యువతలో వాడుక అయినది.

ఈ దారి నచ్చటానికి కారణాలు పలు విధములు. నగరము దాటిన కొద్దిసేపటికే పల్లె వాతావరణము మొదలగును. దారి వంపులు తిరుగుతూ ఉండుట చేత నేరుగా ఉండే జాతీయ రహదారులలోని విసుగు ఉండదు. అన్నింటికంటే ముఖ్యముగా ప్రధాన రహదారి నుండి విడిపోయే లోపలి దారులు ఎన్నో ఉన్నవి. వాటిలో ముఖ్యమైనవి:

చేవెళ్ళ - శంకర్‌పల్లి దారి: చేవెళ్ళ నుండి ఉత్తరానికి పోవును. కూరగాయల తోటలు, పూలతోటల మధ్య సాగుతుంది. శంకర్‌పల్లిలో నిజాం కాలపు హైదరాబాదు - వాడి రైలుమార్గముపై స్టేషను ఉన్నది. ఈ మార్గము 1874లో ప్రారంభమైనది.

చేవెళ్ళ - షాబాద్ దారి: దక్షిణానికి పోవును. ఇండ్లలో పరిచే షాబాద్ బండలకు ఆ పేరు వచ్చినది కర్ణాటకలోని షాహాబాద్ వలన. రెండు పేర్లు దగ్గరగా ఉండుటచే పలువురు ఈ ఊరిదని పొరబడతారు.

మన్నెగూడ - వికారాబాదు - అనంతగిరి దారి: విహారయాత్రికులలో ఎక్కువమంది గమ్యము ఇదే. వికారాబాదు దాటిన తరువాత అడవిలో ఘాటు మలుపులు మొదలగును.

చూడదగిన ప్రదేశాలు

చిలుకూరు బాలాజీ దేవాలయము: మొయినాబాద్ మండలములో ఉస్మాన్ సాగర్ ఒడ్డున ఉన్నది. ఇక్కడ హుండీ లేదు. భక్తులు మొదట 11 ప్రదక్షిణలు చేసి కోరిక కోరుకొని, అది నెరవేరిన తరువాత 108 ప్రదక్షిణలు చేయటము ఆచారము. విదేశాలకు చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళదలచినవారు ఎక్కువగా రావటము వలన వీసా బాలాజీ అనే పేరు వచ్చినది.

మృగవని జాతీయ ఉద్యానవనము: చిలుకూరు వద్ద కలదు. చుక్కల జింకలు, నెమళ్ళు ఇక్కడ నివసించును.

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్: 1908 మూసీ వరదల తరువాత నగర రక్షణకు, తాగునీటికి కట్టిన జలాశయాలు. మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లోను, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. మొయినాబాద్ ప్రాంతము ఈ రెంటి పరీవాహక ప్రాంతములో ఉన్నది.

అనంతగిరి కొండలు: హైదరాబాదు నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరములో, వికారాబాదు సమీపమున ఉన్నవి. మూసీ నది జన్మస్థానము ఇక్కడే. అనంత పద్మనాభస్వామి దేవాలయము, పాత క్షయరోగ ఆసుపత్రి కలవు. సమీపములోని కోట్‌పల్లి జలాశయములో పడవ విహారము ఉన్నది.

దామగుండం: వికారాబాదు జిల్లా పూడూరు మండలములోని అటవీ ప్రాంతము. రామలింగేశ్వరస్వామి ఆలయము ఉన్నది. ఈ అడవిలో భారత నౌకాదళపు అతి తక్కువ పౌనఃపున్య (వి.ఎల్.ఎఫ్.) సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. కావున ఈ వైపు వెళ్ళేవారు ప్రవేశము గురించి స్థానికులను అడిగి తెలుసుకొనుట మంచిది.

అనువైన కాలము

జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవన కాలములో పొలాలు, కొండలు పచ్చగా ఉండును. అయితే వర్షము పడినపుడు పొలాల నుండి వచ్చే ట్రాక్టర్ల చక్రాలకు అంటిన రేగడి మట్టి తారుపై రాలి నూనె పోసినట్లు జారును. కొత్తవారు ఇక్కడ తరచుగా పడిపోవుదురు. అక్టోబరు, నవంబరు నెలలలో వాతావరణము హాయిగా ఉండి, దారి పక్కన సీతాఫలాలు, కాల్చిన మక్కకంకులు దొరుకును. డిసెంబరు, జనవరి ఉదయాలలో పొగమంచు ఉండును. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఉదయము పది గంటలలోపు తిరుగు ప్రయాణము ముగించుట మేలు. కోతల కాలములో లోపలి దారులపై ధాన్యము, మక్కలు, కందులు ఆరబోస్తారు. వాటిపైకి బండి ఎక్కినచో జారుటయే గాక రైతుకు నష్టము కలుగును.

విస్తరణ వివాదము

రెండు వరుసల ఈ దారిపై తాండూరు నాపరాళ్ళు, సిమెంటు, కంకర మోసే లారీలు, ఆర్టీసీ బస్సులు, కూరగాయల ఆటోలు, ద్విచక్ర వాహనాలు అన్నీ ఒకేచోట నడుచును. మధ్యన విభాగిని లేదు. 2024 డిసెంబరు 2న చేవెళ్ళ మండలము ఆలూరు వద్ద ఒక లారీ అదుపు తప్పి రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవారిపైకి దూసుకుపోగా పలువురు మరణించారు. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర లారీ, తాండూరు నుండి హైదరాబాదుకు వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని సుమారు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. కంకర బస్సులోకి కుప్పగా పడటము మరణాల సంఖ్యను పెంచినది. మృతులలో కళాశాల విద్యార్థినులు కూడా ఉన్నారు.

రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించాలనే ప్రతిపాదనకు ఇటువంటి ప్రమాదాలు ప్రధాన కారణము. విస్తరించినచో మర్రిచెట్లలో అధిక భాగము తొలగించవలసి వచ్చునని ప్రకృతి ప్రేమికులు అభ్యంతరము తెలిపారు. వారు చెట్లను ఒక్కొక్కటిగా లెక్కించి గుర్తులు నమోదు చేసి, జాతీయ హరిత న్యాయస్థానమును ఆశ్రయించారు. ఈ వివాదము వలన పనులు కొన్నేళ్ళు నిలిచినవి. చివరకు 2025లో, అధిక భాగము చెట్లను ఉన్నచోటనే ఉంచి వాటిని అనుసరించి రోడ్డును మలచుటకు, మిగిలిన కొన్నింటిని వేరొకచోటికి తరలించి నాటుటకు వీలుగా పరిష్కారము కుదిరి, అక్టోబరు చివరలో అడ్డంకి తొలగినది. మీర్జాగూడ ప్రమాదము దాని తరువాత కొద్ది రోజులకే జరిగినది.

ఈ వివాదములో రెండు పక్షాల వాదనలోను సత్యము ఉన్నది. ఆలస్యమైన ప్రతి ఏడు ప్రాణనష్టము జరిగినదని స్థానికులు అంటారు. నరికిన మర్రిని ఒక తరములో తిరిగి పెంచలేమని ప్రకృతి ప్రేమికులు అంటారు. చెట్లను మధ్యన ఉంచి రెండు వైపుల వేర్వేరు దారులు వేసినచో, ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదాలు తగ్గును, చెట్లే విభాగినిగా ఉపయోగపడును.

ఈ సమస్య ఇక్కడికి మాత్రమే పరిమితము కాదు. జర్మనీలో వృక్షవీథుల వెంట వాహనాలు మానులకు ఢీకొనే ప్రమాదాలు ఎక్కువై, చెట్లు నరకాలా లేక ఇనుప కడ్డీల రక్షణ కల్పించాలా అనే చర్చ నడిచినది. జపానులోని నిక్కో వద్ద 17వ శతాబ్దములో నాటిన సుగి (జపాను దేవదారు అని పిలిచే చెట్టు) వృక్షవీథిని ఆ దేశము ప్రత్యేక చారిత్రక స్థలముగా, ప్రకృతి స్మారకముగా గుర్తించి కాపాడుచున్నది.

మొయినాబాద్ వైపు మరొక చర్చ కూడా కలదు. జలాశయాల పరీవాహక ప్రాంతములోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలు, భారీ నిర్మాణాలను నియంత్రిస్తూ 1996 మార్చి 8న 111వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినది. ఈ ప్రాంతము ఇంతకాలము పల్లెగా మిగిలి ఉండుటకు ఇది ఒక ముఖ్య కారణము. 2022 ఏప్రిల్‌లో 69వ నెంబరు ఉత్తర్వు ద్వారా ఆ ఆంక్షలను తొలగించే నిర్ణయము వెలువడినది. భూమి విలువ కొరకు ఎదురుచూసిన రైతులు దీనిని ఆహ్వానించగా, జలాశయాల భవిష్యత్తు గురించి పర్యావరణవేత్తలు ఆందోళన వ్యక్తము చేశారు.

ప్రయాణికులు పాటించవలసిన జాగ్రత్తలు

మోటారు వాహనాల చట్టము 1988, 129వ సెక్షను ప్రకారము నడిపేవారు, వెనుక కూర్చున్నవారు ఇద్దరూ శిరస్త్రాణము (హెల్మెట్) ధరించవలెను. దానిపై ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెను, గడ్డము క్రింది పట్టీ బిగించవలెను. 128వ సెక్షను ప్రకారము వెనుక ఒక్కరికి మించి కూర్చోరాదు. 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నచో నేరము. దారి పక్కన అమ్మే కల్లుకు కూడా ఇది వర్తించును.

బయలుదేరే ముందు టైర్లలో గాలి, బ్రేకులు, చైను బిగువు, లైట్లు చూసుకొనవలెను. లోపలి దారులలో పంక్చరు షాపులు ఉదయము ఆలస్యముగా తెరుస్తారు కనుక ట్యూబు, క్లచ్ వైరు వెంట ఉంచుకొనుట మంచిది.

మర్రిచెట్ల క్రింద వెలుగు నీడలు వెంటవెంటనే మారుట వలన గుంతలు, ఎదురుగా వచ్చే మనుషులు ఆలస్యముగా కనిపించుదురు. మలుపు వద్ద మాను చాటున ఏమున్నదో తెలియదు. కనుక మలుపులలో ముందు వాహనాన్ని దాటరాదు. కంకర లారీకి వెనుక దగ్గరగా నడపరాదు. విస్తరణ పనులు జరిగే చోట రాళ్ళు, ఇసుక చెల్లాచెదరుగా ఉండును. ఫోటోల కొరకు బండిని రోడ్డు అంచున నిలపక, పూర్తిగా దిగువకు దింపవలెను. చీకటి పడిన తరువాత ఈ దారిలో విహారము మానుకొనుట ఉత్తమము.

విదేశీ ప్రయాణాలు

స్థానికముగా మొదలైన ఈ అలవాటు విదేశీ యాత్రలకు కూడా దారి తీసినది. 2018 ఫిబ్రవరిలో జైభారతి నాయకత్వములో నలుగురు మహిళలు హైదరాబాదు నుండి మోటారుసైకిళ్ళపై బయలుదేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో పర్యటించారు. వారు ప్రయాణించిన దూరము సుమారు 17,000 కిలోమీటర్లు. వీటిలో థాయిలాండులో మాత్రమే మనవలె ఎడమవైపు నడుపుతారు. మిగిలిన నాలుగు దేశాలలో కుడివైపు నడపవలెను.

విదేశములో బండి నడపదలచినవారు ముందుగా తమ ప్రాంతీయ రవాణా కార్యాలయము నుండి అంతర్జాతీయ డ్రైవింగు అనుమతి పత్రము పొందవలెను. దీని గడువు ఒక సంవత్సరము. సొంత బండిని తీసుకువెళ్ళేవారికి, దానిని అక్కడ అమ్మక తిరిగి తెస్తామని హామీ ఇచ్చే కార్నే అనే సుంకపు పత్రము కూడా పలు దేశాలలో అవసరము. అదే విధముగా ఇక్కడికి వచ్చే విదేశీయులు తమ దేశపు లైసెన్సుతో పాటు అంతర్జాతీయ అనుమతి పత్రము చూపి బండి అద్దెకు తీసుకొనవచ్చును. వారికి చేవెళ్ళ దారి మన పల్లెలను, పంటలను, వృక్షసంపదను ఒకే పూటలో పరిచయము చేయగలదు.